నాన్నకి విమానం వద్దు

"మా నాన్నని మాత్రం విమానం ఎక్కించనివ్వను. ఏం చేసుకుంటావో చేసుకో," అంది ఊలిపికా, గడ్డకట్టిన చేపని కత్తితో చెక్కుతూ.

నేలమీద పరిచిన అట్టముక్క పక్కన డెస్మండ్ ఇబ్బందిగా మఠం వేసుక్కూర్చున్నాడు. పొద్దున విమానం దిగాడు, సాయంత్రం మళ్ళీ ఎక్కేస్తాడు. ఉత్తర ధ్రువం దగ్గరి ఈ మంచు ఊళ్ళో ఉన్న ఒక్క చిన్నాసుపత్రినీ ఉంచాలా, ఎత్తేయాలా అని ప్రభుత్వానికి చెప్పాల్సిన మనిషి అతనే. ఊలిపికా లెక్కలో ప్రభుత్వమంటే విమానంలో వచ్చి, టీ తాగి, తలూపి, విమానంలో పోయేది. ఈసారి వచ్చినవాడికి వీళ్ళ భాష వచ్చు. అదొక్కటే నయం.

"ఎత్తేయడమంటే మిమ్మల్ని గాలికొదిలేయడం కాదమ్మా. అవసరమైనవాళ్ళని దక్షిణాన పెద్దాసుపత్రికి మేమే తీసుకెళ్తాం. ఖర్చంతా మాదే," అన్నాడు.

"తీసుకెళ్తారు. తీసుకెళ్ళడం మీకు బాగానే వచ్చు. తీసుకురావడమే రాదు."

గోడవారన కూర్చున్న మనవరాలు సియాసి కిసుక్కున నవ్వింది. వాళ్ళమ్మది వదులు కోటు తొడుక్కుని, ముడుచుకుని, తరిగిన ముక్క తరిగినట్టే లాగిస్తోంది.

"మీ నాన్నగారి పేరేమిటి?"

"తామూసి." పేరు నోట్లోకి రాగానే ఊలిపికా గొంతు మెత్తబడింది. "నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు, ఊపిరితిత్తుల జబ్బని మీవాళ్ళు ఓడెక్కించుకుపోయారు. ఒడ్డున నిలబడి చెయ్యి ఊపాను. ఉత్తరం లేదు, కబురు లేదు. ఓడ వచ్చిందంటే చాలు, పరిగెత్తేదాన్ని. దిగినవాళ్ళందరి మొహాల్లోకీ చూసేదాన్ని. మా అమ్మ చూసి చూసి పోయింది."

డెస్మండ్ తల దించుకున్నాడు. ఇలాంటివి ఇదివరకు విన్నవాడిలాగే ఉన్నాడు.

"క్షమించండమ్మా. మరి ఆ తరవాత..."

"తరవాతేముంది? వచ్చేశాడు!" ఊలిపికా మొహం విప్పారింది. "ఇన్నేళ్ళకి, ఈ చలికాలం మొదట్లో. నేరుగా నా దగ్గరికే వచ్చి, దాహంగా ఉంది, కాసిని నీళ్ళియ్యమ్మా అన్నాడు. ఇచ్చాను. అంతే, ఇంక మా దగ్గరే ఉండిపోయాడు."

"బతికే ఉన్నారా!" డెస్మండ్ కళ్ళు పెద్దవయ్యాయి. "అయితే బాగా పెద్దాయనే అయ్యుంటారు. నడుస్తారా?"

"ఎక్కడి నడక బాబూ!"

"మాట్లాడతారా?"

"ఆ ఒక్కసారే. మళ్ళీ నోరు విప్పలేదు."

"మరి భోజనం సంగతి?"

"అదిగో, దాని చలవే," అంటూ సియాసి వైపు గడ్డం చూపించింది ఊలిపికా. "అది ఏది తింటే ఈయనకీ అదే. నిన్న జింకమాంసం పులుసు పడేసరికి ఎంత హుషారో!"

"పగలంతా పడుకుంటాడు," అంది సియాసి, నిండు నోటితో. "రాత్రయితే కుదురుండదు. నన్ను పడుకోనిస్తేగా!"

డెస్మండ్ జాలిగా ఆ పిల్లవైపు చూశాడు. "ఇంత చాకిరీ ఈ వయసులో! సరే, ఆయనకి జబ్బేమిటి?"

"జబ్బా? నీ నోట మంచిమాట రాదా! గుండె టకటకా కొట్టుకుంటోందని నర్సమ్మే చెప్పింది."

"మరి విమానం దేనికి?"

"నేనూ అదే అడుగుతున్నా! పద్ధతట. నర్సమ్మ మాత్రం ఏం చేస్తుంది, పైనుంచి మీరు పెట్టిన పద్ధతి. వచ్చేవారం నాన్న వెళ్ళాలి, నాన్నతో సియాసీ వెళ్ళాలి. ఊరుకాని ఊళ్ళో, పలకరించే దిక్కు లేకుండా గోడలు చూస్తూ కూర్చోవాలి."

ఊలిపికా కత్తి పక్కన పెట్టేసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

"బాబూ, ఆయన్ని ఒకసారి మీ చేతికిచ్చాం. నా చిన్నతనమంతా ఆ ఒడ్డునే గడిచిపోయింది. మళ్ళీ ఇవ్వమంటే నావల్ల కాదు. ఆయన కళ్ళు తెరిస్తే ఈ మంచే కనబడాలి. మా మాటే వినబడాలి. చుట్టూ మావాళ్ళే ఉండాలి. ఇంతకన్నా ఏమడిగాను నిన్ను?"

"అర్థమైందమ్మా. ఆఖరి రోజుల్లో అయినవాళ్ళ మధ్య ఉండాలని ఎవరికుండదు?"

"ఆఖరి రోజులేమిటి, నీ మొహం!" కసిరింది ఊలిపికా. "దిష్టి తగిలేను, ఊరుకో."

డెస్మండ్ నొచ్చుకోలేదు. చల్లారిన టీని చేతుల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. ఊలిపికా ఆ కప్పు వైపే చూసింది. ఇలా టీ తిప్పి తిప్పే కదా ప్రభుత్వం లేచి వెళ్ళిపోతుంది!

"ఆసుపత్రి ఎత్తేయొద్దని చెప్తాను," అన్నాడు చివరికి. "నా మాట కాదనరు. అనుభవమున్న ఇంకో నర్సుని కూడా పంపిస్తాను. వచ్చేవారం విమానంలో మీ నాన్నగారు ఎక్కరు. ఆవిడ దిగుతుంది."

ఊలిపికా చేప పొట్టదగ్గరి కొవ్వుముక్క, ఇంట్లో పెద్దవాళ్ళకి తీసిపెట్టేది, తీసి అతని చేతిలో పెట్టింది. అతను మారు మాట్లాడకుండా తిన్నాడు. మంచివాడే, అనుకుంది.

అతను లేచి, గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"ఒక్కసారి ఆయన్ని చూసి వెళ్తానమ్మా. అప్పట్లో మావాళ్ళు చేసినదానికి నా నోటితో క్షమాపణ చెప్పుకోవాలి. ఏ గదిలో ఉన్నారు?"

అమ్మమ్మా మనవరాలూ మొహమొహాలు చూసుకున్నారు. ఇంతసేపు చెప్పించుకుని ఇదేం ప్రశ్న అని ఊలిపికాకి నిజంగానే ఆశ్చర్యమేసింది.

"దానికి నువ్వింకొన్నాళ్ళాగి రావాలి బాబూ," అంది అనునయంగా.

"ఎందుకని?"

"కల్లోకొచ్చి నీళ్ళడిగాడే గానీ, నాన్న ఇంకా పుట్టలేదు."