తొర్రలో వడగాలి

అడవిలో ఒక ఇప్పచెట్టు తొర్రలో తేనెటీగలు కాపురముండేవి. ఆ ఏడాది ఎండలకు తేనెపట్టు కరిగిపోయేలా ఉంది. అందులో పసికూనలున్నాయి. చాలా ఈగలు రెక్కలతో విసిరి విసిరి సొమ్మసిల్లుతున్నాయి.

“ఇంకొంతమంది వచ్చి విసరండి!” అని కేకేసింది వాళ్ల పెద్ద, భ్రమరి.

“ఉన్నవాళ్ల కష్టం ఎటు పోతోందో ముందు చూద్దాం పెద్దమ్మా,” అంది మధూలిక అనే చురుకైన ఈగ.

భ్రమరికి కోపమొచ్చినా వెంట నడిచింది. ఇద్దరూ గోడలన్నీ తడిమారు. పడమటి వైపు పగులులోంచి వడగాలి లోపలికి కొడుతోంది. వెంటనే దాన్ని బంకతో పూడ్చేశారు. సాయంత్రానికి సగంమంది విసిరినా తొర్ర చల్లబడింది. మిగతావాళ్లు హాయిగా పూలకు వెళ్లారు.

“మీకు విసిరేవాళ్లు ఎందరున్నారు?” అని ఆశ్చర్యంగా అడిగింది, చల్లటి తొర్రను చూడవచ్చిన పొరుగు పట్టు ఈగ.

“మీకంటే తక్కువే,” అంటూ భ్రమరి మధూలికను దగ్గరికి లాక్కుంది. “విసిరేవాళ్ల కష్టం వృథా పోనివ్వని పిల్ల మాత్రం మాకే ఉంది!”