చిటికెన వేలు

గది తాళం తీయబోతే ఆమె చేతిలోంచి తాళంచెవి జారి కింద పడింది.

"ఇంకా భయమేనామ్మా?" అన్నాడు వెనక నుంచి సూపర్‌వైజరు.

ఆమె తాళం తీసి లోపలికి నడిచింది.

పొగమంచు నుంచి నీళ్లు పట్టే రేకులు తయారుచేసే కంపెనీ అది. ఆ గదిలో మంచు పుట్టిస్తారు. రకరకాల పూతలు పూసిన రేకుల్ని వరసగా బిగించి, దేని మీద బొట్లు తొందరగా కట్టి జారతాయో చూస్తారు. పోల్చి చూడ్డానికి చివర్లో ఏ పూతా లేని మామూలు గాజు పలక ఒకటి ఉంటుంది.

గొడవంతా ఆ గాజు పలకతోనే. ఆ మధ్య పాతది పగిలి వేరేది పెట్టినప్పటి నుంచీ మొదలైంది. మామూలుగా చూస్తే దాని మీద ఏమీ ఉండదు. మంచు వదలగానే ఒక అరచెయ్యి తేలుతుంది. చిన్నపిల్లల చెయ్యి. పలక ఆరితే మాయం. మళ్లీ మంచు వదిలితే మళ్లీ ప్రత్యక్షం. పెద్దవాళ్లనే అడిగి అడిగి రానిచ్చే ఆ గదిలోకి పిల్లలెక్కణ్ణుంచి వస్తారు?

మొదట చూసిన ఆపరేటరు కెవ్వుమని అరిచి, చెప్పులు కూడా వదిలేసి పరిగెత్తాడు. రెండో అతను "బతికుంటే బలుసాకు తినొచ్చు" అంటూ వేరే సెక్షనుకు మారిపోయాడు. మిగిలింది ఈమె ఒక్కతే. ఇవాళ్టితో మానేద్దామని రోజూ అనుకుంటుంది, మానలేదు. మంచు కుళాయి తిప్పేటప్పుడు మాత్రం ఆమె మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క ఉండదు. "అసలే దెబ్బ తిన్న మనిషి, పాపం" అనుకునేవారు తోటివాళ్లు.

ఇవాళ సూపర్‌వైజరు స్పిరిట్ సీసా, గుడ్డ వెంట తెచ్చాడు.

"ఈసారి కనిపించిందంటే తుడిచి పారేస్తాను. పీడా వదిలిపోతుంది."

ఆమె ఆ సీసా వంక ఒకసారి చూసి కుళాయి తిప్పింది. గదంతా తెల్లగా కమ్ముకుంది. పలకకు ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్లి నిలబడింది. వస్తుందా? రాదా? దేవుడా, దేవుడా అని గొణుక్కుంది.

ముందు బొటనవేలు వచ్చింది. తర్వాత అరచెయ్యి. ఆ పైన మూడు వేళ్లు.

చిటికెన వేలు రాలేదు.

నిన్న ఉంది. ఆమె గోడ పట్టుకుంది.

"ఇదేం దయ్యమమ్మా, వేళ్లు దాచుకుంటోంది!" అని నవ్వబోయాడు సూపర్‌వైజరు. నవ్వు రాలేదు. గుడ్డ తడిపి చెయ్యి చాచాడు.

"ముట్టుకోకండి సార్! మీ కాళ్లు పట్టుకుంటాను!" ఆమె అడ్డం పడింది.

"నీకేమైనా పిచ్చా? రోజూ దీంతోనే కదా హడలి చస్తున్నావు?"

"అవును సార్. చచ్చేంత భయం. చూడండి, చిటికెన వేలు పోయింది."

"పోతే పోనీ, మంచిదేగా!"

"నేను పనికి బయల్దేరుతుంటే రోజూ మా ఇంటి కిటికీకున్న ఈ అద్దానికే చెయ్యి ఆనించి టాటా చెప్పేది సార్ మా పాప, అది పోయాక అద్దం ఊడదీసి తెచ్చి ఇక్కడ బిగించింది నేనే."