పాప స్కూలు ఆటో

కూరెకుప్పలో జాబెజ్ నెలనెలా బ్యాంకు వివరాలు కంప్యూటర్లోకి దింపి, ఖర్చుల లెక్కరాసే, ఊరికే దొరికే ఒక ప్రోగ్రాముకిస్తాడు. నల్లతెర మీద ఏ ఖర్చుకా పద్దు అదే పడతాది.

"ఆటోకిచ్చిందంతా 'పాప స్కూలు' అంటాందే, ఏంది?" అనింది భార్య కృపమణి.

"అప్పుడు నేను రాసిన రూలే. ఆటో అతని పేరు కనపడితే స్కూలు పద్దులో వేస్తాది."

"తీసేయప్పా."

రూలు తీసేసి మళ్లీ నడిపినాడు. దీన్ని ఏ పద్దులో వేయాలని తెర అడిగింది.

పాప పోయినప్పటినుంచి ప్రతి ఆదివారం ఇద్దరూ అదే ఆటోలో సమాధుల తోటకు పోతాండారు.

"స్కూలనే రాయప్పా," అనింది కృపమణి. "ఇంకా బడి విడిచిపెట్టలేదనుకుందాం."