కాళ్ళు కడుక్కునే ఆర్డరు

“ఆగు పాపాయమ్మా! కాళ్ళు కడుక్కుని రా,” అంటూ రేషన్ డీలరు అచ్యుతరామరాజుగారు గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టారు.

నాట్ల నుంచి తిన్నగా వచ్చిన ఆడకూలీలు పాపాయమ్మ వెనక గుంపుగా నిలబడ్డారు. నెలాఖరు. ఇవాళ దాటితే ఈ నెల బియ్యం పోయినట్టే.

“రాత్రి ఎనిమిదింటి దాకా షాపు తీసుంచాలని ఆర్డరొచ్చింది కదండీ!”

“ఆ ఆర్డర్లోనే ఉంది. చదువుకో.”

నిరుడు రాత్రిబడిలో అక్షరాలు నేర్చిన పాపాయమ్మ, తలుపు మీది కాయితం కింద వేలు పెట్టి గట్టిగా చదివింది.

“ఆడకూలీలు చేలో పని ముగించి, కాలవలో కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి షాపు మూసేస్తున్నందున...”

వేలు ఆగిపోయింది.

“ఓలమ్మో! జన్మభూమి సభలో నేనిచ్చిన అర్జీలో ముక్కే! ఆఫీసరుగారు ఉన్నదున్నట్టు దింపేశారే!”

“ఎవరు దింపితే ఏంటి? గవర్నమెంటు మాట వినాలా వద్దా?”

“అది గవర్నమెంటు మాట కాదండీ, నాది!”

రాజుగారు కాయితం వంక చూశారు, పాపాయమ్మ వంక చూశారు.

“మరి నీ మాట నువ్వే వినవేంటి?”

ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. పాపాయమ్మకీ నవ్వాగలేదు. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని అందరికన్నా ముందు కాలవలోకి దిగింది.

“అత్తా, ఇంకో అర్జీ ఎప్పుడు రాస్తావు?” అంది వెనకే దిగిన కుర్రకూలీ ఆశాజ్యోతి నీళ్ళు చిమ్ముతూ.

“రేపే! డీలరుగారే కాలవగట్టుకి బియ్యం తెచ్చియ్యాలని రాస్తాను!”

ఆ మాట విన్న రాజుగారు గబగబా తలుపులు బార్లా తీశారు.