అరువు గొంతు

"ఈ గొంతుతో అయితే నీ సినిమా నేను విడుదల చెయ్యను తల్లీ. ఇంకో మాట లేదు."

అనేసి డిస్ట్రిబ్యూటరు డబ్బింగ్ థియేటర్లో ఉన్న ఒకే ఒక్క మెత్తటి కుర్చీలో వెనక్కి వాలాడు. తెర మీద బొమ్మ ఆగి ఉంది. బొమ్మలో ఉన్నదీ, కుర్చీ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డదీ ఒకరే. ఆవిడే హీరోయిను, ఆవిడే డైరెక్టరు. గుంపులో వెనక వరస వేషాలతో మొదలుపెట్టి, స్నేహితుల కాళ్ళావేళ్ళా పడి కెమెరా సంపాదించి, నానా చావూ చచ్చి తీసిన మొదటి సినిమా ఇది. ఈయన కాదంటే ఇక పట్టించుకునే నాథుడు లేడు.

"నా గొంతుకేమైంది సార్?"

"బొంగురు! ఇప్పుడే విన్నాగా, రేకు డబ్బాలో గులకరాళ్ళేసి ఊపినట్టుంది. ఇన్ని సినిమాల్లో నీకు డబ్బింగ్ చెప్పిన అక్కయ్య ఉందే, ఆవిడది గొంతంటే. నీ మొహం మీద జనం ఆ గొంతుకే అలవాటు పడ్డారు. ఇప్పుడు నువ్వు నోరు విప్పితే, నీకెవరో డబ్బింగ్ చెప్పారనుకుంటారు."

సౌండ్ ఇంజినీరు కిసుక్కున నవ్వి, ఆమె చూపు చూసి నోరు మూసుకున్నాడు.

"ఇన్నాళ్ళూ పెదాలే కదిపాను సార్. మా అమ్మ కూడా తెర మీద నన్ను చూసి, 'మొహం నీదే కానీ, మాట్లాడేది ఎవరే?' అంటుంది. నేను తీసిన సినిమాలోనైనా నా మాట నేను మాట్లాడుకోవద్దా?"

"మాట్లాడుకో. ఇంట్లో కూర్చుని ఎంతసేపైనా మాట్లాడుకో. ఎవరొద్దన్నారు?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. కానీ గొడవ పడితే సినిమా మూలన పడుతుంది. పళ్ళు బిగించి ఫోను తీసింది.

"అక్కా, ఒక్కసారి థియేటరుకి వస్తావా? అవును, నాకే. ఆఖరి సీను."

"అదీ! మొదటే వింటే ఇంత రాద్ధాంతం ఉండేదా?" అన్నాడు డిస్ట్రిబ్యూటరు. "నా చెవులతో విన్నాకే థియేటర్ల వాళ్ళకి చెప్తా."

టీ వచ్చింది, తాగాడు. ఫోనులో ఎవరినో తిట్టాడు. ఇంకో టీ తెప్పించుకుని, వాచీ చూసుకుని విసుగ్గా లేచాడు. "ఇంక నా వల్ల కాదు. వచ్చే నెల చూద్దాంలే."

ఆమె ఒకసారి మెట్ల వైపు తలుపుకేసి చూసింది. తర్వాత ఇంజినీరు వైపు తిరిగింది.

"కూర్చోండి సార్, మొదలుపెడుతున్నాం. తమ్ముడూ, లోపల లైట్లు తీసెయ్."

"ఆవిడ వచ్చేసిందా?"

"రికార్డింగ్ గదికి వెనక నుంచి కూడా దారుంది సార్," అన్నాడు ఇంజినీరు మీటల మీద నుంచి తలెత్తకుండా.

"నేను లోపల లేకపోతే ఈ సీను కుదరదు," అంటూ ఆమె వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ గది అద్దం వెనక అంతా చీకటి.

తెర మీద గుమ్మానికి అడ్డంగా భర్త నిలబడ్డాడు. స్పీకర్లలోంచి మాట వచ్చింది.

"తలుపు నువ్వు తీస్తావా, నన్నే తియ్యమంటావా? ఇన్నాళ్ళూ నువ్వన్నదానికల్లా ఊ కొట్టాను. ఇక చాలు. జరుగు."

ఆఖరి మాట దగ్గర గొంతు జీరబోయింది, కానీ తగ్గలేదు. డిస్ట్రిబ్యూటరు కళ్ళు తుడుచుకున్నాడు.

"అబ్బబ్బ! గొంతంటే ఇదీ! రోమాలు నిక్కబొడుచుకున్నాయయ్యా!" అంటూ అప్పటికప్పుడే ఫోను తీశాడు. "ఆ, నేనే. వచ్చే శుక్రవారం మన థియేటర్లన్నీ ఈ సినిమాకే. పోస్టర్లు వేసెయ్యండి. మాటంటే మాటే!"

ఆమె బయటికి వచ్చింది. మొహమంతా చెమట.

"ఈ గొంతే ఖాయమా సార్? మళ్ళీ మార్చమనరుగా?"

"మారిస్తే ఊరుకోను! ఒక్క మాట ముట్టుకున్నా ఒప్పుకోను. నీకూ ఆవిడకీ తేడా ఇప్పుడైనా తెలిసిందా తల్లీ? ఏదీ, ఆవిణ్ని బయటికి పిలువు. చేతులెత్తి మొక్కి వెళ్తాను."

అంతలో మెట్ల వైపు తలుపు తోసుకుని, సంచీ భుజాన సర్దుకుంటూ, ఆయాసపడుతూ డబ్బింగ్ అక్క వచ్చింది.

"ఏమనుకోకే చెల్లీ, ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాను. ఇంకా మొదలుపెట్టలేదు కదా?"