పడిపోయిన కాయిన్లు

“ధర పడితే కాయిన్లెందుకు పోతాయమ్మా? ఎవరు చెప్పారు నీకు?” అని టీచరు నవ్వేసరికి, గదిలో ఆడవాళ్లంతా మెడలు తిప్పి వెనక్కి చూశారు.

చిట్టి వాళ్లమ్మకి తల కొట్టేసినట్టయింది. ఒళ్లో చిట్టి చెవి నలుపుకుంటూ మూలుగుతుంటే ఆ చిన్న చెయ్యి పట్టుకుని ఆపింది.

“మా ఆయన చెప్పాడండీ. మార్కెట్టు పడిపోయింది, కాయిన్లన్నీ పోయాయి అన్నాడు.”

“ధర పడితే విలువ తగ్గుతుంది. నీ దగ్గర పదుంటే పదీ ఉంటాయి. కాయిన్లే లేవంటే అది పడిపోవడం కాదు. ఎవరికో పంపించారన్నమాట.”

పోయింది చిట్టి చెవి ఆపరేషనుకి దాచిన డబ్బు; దాంతో మొగుడు క్రిప్టో కాయిన్లు కొన్నాడు. ఇంకా ఆలస్యం చేస్తే ఆ చెవి ఇక వినపడదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. రాత్రి అడిగితే మొగుడు, “చదువు మధ్యలో మానేసినదానివి, నీకు చెప్పినా ఎక్కదు” అని తింటున్నవాడల్లా లేచిపోయాడు. పొద్దున అతని చొక్కా జేబులో కాయిన్ల గురించి నేర్పే ఈ క్లాసు కాగితం దొరికింది. ఆయన నేర్చుకున్న చోటే నేనూ నేర్చుకుంటా, ఎక్కుతుందో లేదో చూద్దాం అని పిల్లని చంకనేసుకుని వచ్చేసింది.

“ఎవరికి పంపారో తెలుస్తుందాండీ?” అని అడిగింది చిట్టి వాళ్లమ్మ.

“ఎందుకు తెలీదూ! బ్లాక్‌చెయిన్ అంటే అదేగా. ఒక్కళ్ల దగ్గరుండే లెక్క కాదది. వేలమంది కంప్యూటర్లలో ఒకే లెక్క. ఒకళ్లు చెరిపేసినా మిగతావాళ్ల దగ్గర అలాగే ఉంటుంది.”

“అయితే మా అపార్ట్‌మెంటులో కబుర్ల లాంటిదన్నమాట,” అంది పక్క కుర్చీలో కూర్చున్న బ్యూటీ పార్లరావిడ. “నేను కాదు మొర్రో అన్నా ప్రతి ఇంట్లోనూ ఉంటుంది.”

అందరూ గొల్లుమన్నారు. టీచరూ నవ్వింది. “అంతే అంతే. కాకపోతే ఇందులో పేర్లుండవు, అడ్రసులే ఉంటాయి. వీధీ, ఇంటి నంబరూ కాదు, ఇంత పొడుగు అక్షరాలూ అంకెలూ. అది ఎవరిదో వాళ్లంతట వాళ్లు బయటపడితే తప్ప తెలీదు.”

మొగుడి సెల్‌ఫోన్ రిపేరు కొట్టు తలుపుకి, కాయిన్లతో డబ్బు కట్టేవాళ్ల కోసం, అతని అడ్రసున్న క్యూఆర్ గళ్ల స్టిక్కరు అంటించి ఉంటుంది. వచ్చేటప్పుడు, పనికొస్తుందేమోనని చిట్టి వాళ్లమ్మ దాని ఫొటో తీసుకుంది. పార్లరావిడ సాయంతో, ఎవరైనా చూడగలిగే ఆ లెక్కలో ఆ అడ్రసు వెతికింది.

మిగిలింది సున్నా.

దాని కింద, బయటికి పంపిన లెక్క ఒకటే వరస. ఉన్నదంతా ఒక్కసారే, సోమవారం, ఒకే అడ్రసుకి వెళ్లిపోయింది.

“సోమవారమా?” పార్లరావిడ ముక్కు మీద వేలేసుకుంది. “ఆ రోజు ధర పెరిగిందే!”

చిట్టి వాళ్లమ్మ కళ్ల ముందు అక్షరాలు అలుక్కుపోయాయి.

“ఇవాళ పంపడం నేర్చుకుందాం,” అంది టీచరు చప్పట్లు కొట్టి. “మీ అందరి ఫోన్లలో నలకంత కాయిన్ వేశాను. పక్కవాళ్లకి పంపండి. కావాలంటే కింద ఒక ముక్క రాయొచ్చు. అడ్రసు మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఒకసారి వెళ్లిందంటే గోల పెట్టినా వెనక్కి రాదు.”

“మేడం మొహం చూడండే, వెలిగిపోతోంది ఇవాళ,” అంది ముందు వరసలో ఒకావిడ. “ఏంటో సంగతి!”

“తర్వాత చెబుతాలెండి. ముందు పంపండి.”

చిట్టి వాళ్లమ్మ పార్లరావిడ అడ్రసు పెట్టలేదు. సోమవారం నాటి అడ్రసు పెట్టింది. ఎవరో, ఏ మూల ఉన్నారో. వాళ్ల ఫోను మోగితే చాలు. కింద ఒక్కో అక్షరం కొట్టింది: ‘తిరిగిచ్చెయ్యండి. అవి మా పాప చెవికి.’

నొక్కింది.

తెర మీద చక్రం తిరుగుతోంది. చిట్టి అమ్మ మొహంలోకి చూస్తోంది. గదిలో ఒక్కొక్క ఫోనే టింగుమంటోంది. ముందు వరసలో ఒకటి, కిటికీ పక్కన ఒకటి. ఫోను మోగినవాళ్లంతా చిన్నపిల్లల్లా కేరింతలు కొడుతున్నారు.

“నాకు రాలేదేం?” పార్లరావిడ తన ఫోను దులిపి చూసుకుంది. “నీకు నేను పంపేశాగా. నువ్వెవరికి పంపావు తల్లీ?”

చిట్టి వాళ్లమ్మ తెరనే చూస్తోంది. చక్రం ఆగింది. ‘చేరింది.’

టింగ్.

ఈసారి మోగింది బల్ల మీది హ్యాండ్‌బ్యాగులో. టీచరు నవ్వుతూనే ఫోను బయటికి తీసింది. చదివింది. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

“ఎవరమ్మా ఇది పంపింది?” అంది మెల్లగా. “ఈ అడ్రసు నేను పెళ్లి చేసుకోబోయే ఆయనకి తప్ప ఇంకెవరికీ ఇవ్వలేదే!”