వాయిదాల కిటికీ

"కథలు వద్దు పెద్దాయనా. చలానా నంబరు చెప్పండి."

కిటికీ అవతల నిలబడ్డ ముసలి టాక్సీ డ్రైవరు చెప్పబోయిన మాట మింగేశాడు. జేబులోంచి నలిగిన కాగితం తీసి ఊచల సందులోంచి లోపలికి తోశాడు.

ట్రాఫిక్ కోర్టులో వాయిదాలు ఇచ్చే కిటికీ అది. లోపల కూర్చున్న గుమాస్తా చిన్న వయసుది, చిన్నపిల్ల తల్లి. ఉద్యోగంలో చేరిన రోజే పెద్ద గుమాస్తా ఆమెకు ఒక్క మాట చెప్పాడు.

"కిటికీ దగ్గర ఎవరి గోడూ వినకమ్మా. విన్నావా, సాయంత్రానికి లైను వీధిలోకి పోతుంది."

ఆమె వినేది కాదు.

"ఎర్ర లైటు దాటారు. తప్పు ఒప్పుకుంటారా, లేదా?"

"దాటాను తల్లీ. కానీ తప్పు కాదు."

"రెండూ కుదరవు. ఏదో ఒకటి చెప్పండి."

"ఒప్పుకుంటే లైసెన్సు పోతుంది. ఇది మూడో చలానా. బండి తోలడం తప్ప నాకు ఇంకో పని చేతకాదు."

"అయితే ఒప్పుకోలేదని రాస్తా. విచారణకి తారీకు వేస్తారు. చలానా రాసిన పోలీసాయన కూడా వస్తాడు. ఇద్దరి మాటా విని జడ్జిగారు తేలుస్తారు. మీరు చెప్పుకునేదేదో కాగితం మీద రాసివ్వండి. లైసెన్సు ఇక్కడే ఉంటుంది. కేసు తేలేదాకా ఈ రసీదుతో బండి నడుపుకోండి."

ఆయన బల్ల మీద వంగి కూర్చుని రెండు పేజీలు రాసి తెచ్చాడు. ఆమె చదవలేదు. చిల్లులు పొడిచి, లైసెన్సుతో పాటు ఫైల్లో కట్టేసింది.

మొదటి వాయిదాకి ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. పోలీసు రాలేదు. బందోబస్తుకి వెళ్లాడట.

రెండోసారి సెలవులో ఉన్నాడట. మూడోసారి ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు.

"మళ్లీ వచ్చావా తాతా!" అన్నాడు బంట్రోతు. "అత్తారింటికి కూడా ఇన్నిసార్లు వెళ్లి ఉండవు."

"అక్కడ కనీసం కూర్చోమనేవాళ్లురా," అన్నాడు ఆయన. లైనంతా నవ్వింది. ఆయన కిటికీలోకి వంగాడు. "ఆయన ఎన్నిసార్లు రాకపోయినా వాయిదాయే కదా తల్లీ. మరి నేను ఒక్కసారి రాకపోతే?"

"తీర్పే."

"బాగుంది," అని తల ఊపాడు.

నాలుగో వాయిదాకీ పోలీసు రాలేదు. కిటికీ దగ్గర సరిగ్గా ఆయన వంతు వచ్చేసరికి ఆమె ఫోను మోగింది. ఇంటి నుంచి.

"ఒళ్లు వేడిగా ఉందా? ఎంతుంది? సరిగ్గా చూశారా అత్తయ్యా? తడిగుడ్డ వేయండి... కళ్లు తేలేయడం లేదు కదా?"

వెనక ఎవరో కసురుకున్నారు. ఆయన లైను వైపు తిరిగి, "కాస్త ఆగండయ్యా. బిడ్డకి జ్వరమంటే తల్లి ప్రాణం ఎక్కడుంటుంది?" అన్నాడు.

ఆమె ఫోను పెట్టేసి, కళ్లు తుడుచుకుని, జడ్జిగారు వేసిన కొత్త తారీకు రాసిచ్చింది. తలెత్తి చూడలేదు.

ఐదో వాయిదాకి ముందురోజు సాయంత్రం ఆయన గోడ పట్టుకుని వచ్చాడు. మాట మాటకీ దగ్గు.

"రేపు ఆసుపత్రిలో చేరమన్నారు. తారీకు మార్చు తల్లీ."

"నా చేతిలో లేదు. జడ్జిగారు మార్చాలి. రేపు పొద్దున వచ్చి అర్జీ పెట్టుకోండి."

"రేపు రాలేననే కదా ఇవాళ వచ్చింది."

"రూలు అది. వెనక జనం ఉన్నారు. కొంచెం జరగండి పెద్దాయనా."

ఆయన జరిగాడు.

మర్నాడు బంట్రోతు మూడుసార్లు పిలిచాడు. ఎవరూ పలకలేదు. ఆ రోజు మాత్రం పోలీసు వచ్చాడు. రెండు నిమిషాల్లో లైసెన్సు రద్దయింది.

నెల తిరక్కుండానే ఒక ముసలావిడ కిటికీ దగ్గరికి వచ్చింది.

"మా ఆయన లైసెన్సు ఇప్పిస్తావా అమ్మా?"

గుమాస్తా ఆవిడ ఇచ్చిన రసీదు చూసింది. "ఇది రద్దయిపోయిందండీ. దీంతో బండి నడపకూడదు."

"నడిపే మనిషి లేడులే. ఫొటో కోసం అడుగుతున్నా. వేరే ఫొటో దిగలేదు ఆయన."

ఆమె ఫైలు తీసింది. లైసెన్సు ఆ రెండు పేజీల కింద ఉంది. ముడి విప్పుతుంటే అక్షరాలు కంటపడ్డాయి.

'వాన రోజు. బండిలో ఒక తల్లి ఎక్కింది. ఒళ్లో పిల్ల ఫిట్సు వచ్చి నీలంగా అయిపోతోంది. కూడలిలో ఎర్ర లైటు పడింది. ఆపకు బాబాయ్, ఆపకు అంది. నేను ఆపలేదు. ఆసుపత్రి దగ్గర దించి తిరిగి వస్తుంటే పోలీసాయన పట్టుకున్నాడు. ఆ తల్లి వచ్చి ఒక్క మాట చెబితే చాలు. కానీ ఎవరని వెతకను? నేను వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె ముందుకి చూడలేదు.'

ఆమె గబగబా ఫైల్లో చలానా వెతికి, దాని మీది తారీకు చూసింది.

"లైసెన్సు కోసమే తిరిగాడనుకున్నావా అమ్మా?" అంది ముసలావిడ. "పైకి అలా అనేవాడు. ఇంటికొస్తే ఒకటే ధ్యాస, ఆ పిల్ల బతికిందో లేదో అని. ఆ తల్లి బండెక్కింది ఈ కోర్టు వీధిలోనేనట, ఏదో ఒక వాయిదాకి ఈ చుట్టుపక్కల కనబడకపోతుందా అని. పోయే ముందు కూడా అదే అడిగాడు. నేనేం చెప్పను?"

"లైను కదలదేంటమ్మా!" వెనక నుంచి ఎవరో అరిచారు.

ఆమె కుర్చీ వెనక్కి నెట్టి, పక్క తలుపు తీసుకుని బయటికి వచ్చింది. ముసలావిడ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

"బతికింది పెద్దమ్మా... మొన్ననే మూడేళ్లు నిండాయి నా కూతురికి."